మొదటి పేరా ఎలా రాయాలి: 'దిద్దుబాటు' కథ ఉదాహరణగా

(ఎం.ఏ. తెలుగు విద్యార్థులతో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో ఉన్నవాళ్ళు కాస్త ముందుకొచ్చి కూర్చోండి, బోర్డు మీద చాలా రాయబోతున్నాను, అక్కణ్ణుంచి కనిపించదు.

సాహిత్య వ్యాసం ఎలా రాయాలో చెప్పమని మీ మేడం పిలిచారు. వ్యాసం మొత్తం గురించి ఒక గంటలో చెప్పాలంటే పైపైన చెప్పి వెళ్ళిపోవాల్సి వస్తుంది, అందుకని ఇవాళ మొదటి పేరా ఒక్కదాని గురించే మాట్లాడతాను. ఉపోద్ఘాతం అనండి, ఇంట్రడక్షన్ అనండి, అది సరిగ్గా పడితే మిగతా నాలుగు పేజీలు ఎటు వెళ్ళాలో దానికదే తెలుస్తుంది, పడకపోతే మీరెంత చదివి వచ్చినా ఆ చదువు కాగితం మీద కనబడదు. నేను పేపర్లు దిద్దుతాను కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. మొదటి పేరా చదవగానే ఈ విద్యార్థి కథ చదివి రాస్తున్నాడా, గైడు చదివి రాస్తున్నాడా అన్నది మాకు తెలిసిపోతుంది. మార్కులు అక్కడే పడిపోతాయని అనను, కానీ తర్వాతి పేజీలను ఏ ఓపికతో చదువుతామన్నది మాత్రం అక్కడే తేలుతుంది.

ఊరికే సూత్రాలు చెప్తే ఎవరికీ ఉపయోగం ఉండదు. ఒక కథ పెట్టుకుందాం. గురజాడ 'దిద్దుబాటు'. 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చింది. మీలో చాలామంది ఇంటర్‌లోనో డిగ్రీలోనో చదివే ఉంటారు, సివిల్స్‌కి తెలుగు ఆప్షనల్ తీసుకుంటున్నవాళ్ళకి గురజాడ కథలు సిలబస్‌లోనే ఉన్నాయి. చిన్న కథ, నాలుగైదు పేజీలు దాటదు. ఒకసారి గుర్తు చేసుకుందాం.

రాత్రి ఒంటిగంటకి గోపాలరావు ఇంటికొచ్చి తలుపు కొడతాడు. కథ మొదలయ్యేదే 'తలుపు! తలుపు!' అన్న అతని పిలుపుతో. లోపల చప్పుడు లేదు. ఇంత ఆలస్యం చేశానే అని తనని తాను తిట్టుకుంటాడు. తాను యాంటీనాచ్ మనిషి, అంటే సాని మేళాలు ఉండకూడదనేవాడు, అలాంటివాడు సానిదాని పాటకి వెళ్ళి ఆ మోజులో పడ్డాడు. తీరా లోపలికి వెళ్తే భార్య కమలిని లేదు, ఆవిడ రాసిన ఉత్తరం ఉంది. పది రోజులుగా మీరు రాత్రిళ్ళు ఇంట్లో ఉండటం లేదు, మీటింగులకి వెళ్తున్నాను, లోకహితం కోసం నిద్ర మానుకుంటున్నాను అన్నారు, నా స్నేహితురాళ్ళ వల్ల నిజం తెలిసింది, నేను ఇంట్లో ఉండబట్టే కదా మీరు అబద్ధాలాడాల్సి వచ్చింది, అందుకని పుట్టింటికి వెళ్ళిపోతున్నాను అని ఆ ఉత్తరం సారాంశం. గోపాలరావు పనివాడు రాముణ్ణి లేపుతాడు, కంగారు పడతాడు, బుద్ధొచ్చింది ఇక ఎన్నడూ సానుల పాట వినను, రాత్రిళ్ళు ఇల్లు కదలను అని కమలినితో చెప్పమని రాముడికి మాటలు నేర్పుతాడు. ఆఖర్లో మంచం కింద నుంచి నవ్వులూ చేతిగాజుల చప్పుడూ వినిపిస్తాయి. అంతే, కథ అయిపోయింది.

ఇప్పుడు ప్రశ్న: 'దిద్దుబాటు కథను విశ్లేషించండి.' మొదటి పేరా ఎలా మొదలుపెడతారు? ఎవరైనా చెప్పండి, ఏం పర్వాలేదు. సరే, ఎవరూ చెప్పకపోతే నేనే రాస్తాను. సాధారణంగా వచ్చే మొదటి పేరా ఇలా ఉంటుంది, ఏ ఒక్కరి పేపరూ కాదు ఇది, అందరి పేపర్లలోనూ ఉండేదాన్ని నేనే కూర్చాను.

'సాహిత్యం సమాజానికి దర్పణం. ఏ కాలంలోనైనా రచయిత తన చుట్టూ ఉన్న సమాజాన్ని తన రచనల్లో ప్రతిబింబిస్తాడు. ఆధునిక తెలుగు సాహిత్యానికి ఆద్యుడు, నవయుగ వైతాళికుడు, మహాకవి అయిన గురజాడ అప్పారావు తన కాలం నాటి సాంఘిక దురాచారాలను తన రచనల్లో అద్భుతంగా చిత్రించారు. ఆయన కలం నుంచి జాలువారిన ఆణిముత్యమే దిద్దుబాటు కథ.'

ఇందులో తప్పేముంది మేడం అని అడగొచ్చు మీరు. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఒక చిన్న పరీక్ష చేద్దాం. ఇక్కడ గురజాడ పేరు తీసేసి కందుకూరి పేరు పెట్టండి. దిద్దుబాటు తీసేసి రాజశేఖర చరిత్రము పెట్టండి. చదవండి. పేరా ఎక్కడైనా చెక్కుచెదిరిందా? లేదు కదా. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి పేరు పెట్టి మాలపల్లి అని రాసినా అలాగే నిలబడుతుంది. ఏ రచయితకైనా ఏ రచనకైనా సరిపోయే పేరా అంటే ఆ రచన గురించి ఏమీ చెప్పని పేరా అన్నమాట. ఇవాళ్టి నుంచి మీరు రాసే ప్రతి ఇంట్రోకీ ఈ పరీక్ష పెట్టుకోండి. పేరు మార్చినా బతికితే కొట్టేయండి, మొహమాటపడకండి.

ఇలా ఎందుకు రాస్తామో కూడా ఆలోచించాలి. పిల్లలకి చేతకాక రాస్తున్నారని నేననుకోను. మొదట పొగడాలి, దణ్ణం పెట్టాలి, ఆ తర్వాతే విషయంలోకి దిగాలి అన్నది మనకి ఎక్కడో లోపల ఉంది. కావ్యాల అవతారికలు చూడండి, ఇష్టదేవతా స్తుతి, పూర్వకవి స్తుతి, కావ్యాన్ని అంకితం పుచ్చుకునే కృతిపతి వర్ణన, అంకితం చెప్పే షష్ఠ్యంతాలు, అవన్నీ అయ్యాకే కథ. మనం ఆ పొగడ్తని మాత్రం పట్టుకుని, అవతారికలో కవి చేసిన అసలు పనిని వదిలేశాం. నన్నయ ఏం చేశాడు? రాజరాజ నరేంద్రుడు తనని భారతం తెనిగించమని ఎందుకు అడిగాడో చెప్పాడు. చెప్పి, 'సారమతిం గవీంద్రులు' అనే పద్యంలో తన రచనలో ఏం చూడాలో తనే చెప్పాడు. ప్రసన్నకథాకలితార్థయుక్తి, అక్షరరమ్యత, నానారుచిరార్థసూక్తినిధిత్వం, అంటే రకరకాల అందమైన అర్థాలున్న మంచి మాటలకి నిధి కావడం. నా కవిత్వంలో ఇవి ఉన్నాయి, కవీంద్రులు లోపలికి వెళ్ళి అర్థయుక్తిని మెచ్చుకుంటారు, మిగతావాళ్ళు అక్షరాల అందాన్ని ఆదరిస్తారు అని ముందే మాట ఇచ్చాడు. ఇచ్చిన ఆ మాట పట్టుకునే కదా ఇవాళ్టికీ మనం నన్నయని చదువుతున్నాం, పరీక్షల్లో ప్రశ్నలు కూడా ఆ మూడు లక్షణాల మీదే వస్తున్నాయి. వెయ్యేళ్ళ కింద ఒక కవి తన పాఠకుడికి ఇచ్చిన స్పష్టమైన ప్రతిపాదన అది. ఉపోద్ఘాతం ఎలా రాయాలో నేర్చుకోవడానికి మనం ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, మీ సిలబస్‌లోనే ఉంది.

సరే, కథ దగ్గరికి వద్దాం. రెండో రకం మొదటి పేరా ఉంది, కాస్త కష్టపడి చదివే పిల్లలు రాసేది. 'గురజాడ అప్పారావు 1862 సెప్టెంబర్ 21న విశాఖ జిల్లా రాయవరంలో జన్మించారు. విజయనగరం మహారాజా ఆనంద గజపతి ఆదరణ పొందారు. 1892లో కన్యాశుల్కం ప్రదర్శించబడింది, 1897లో అచ్చయింది, 1909లో పూర్తిగా మార్చి రెండో కూర్పు తెచ్చారు. 1910లో తెలుగులో తొలి కథ అయిన దిద్దుబాటు రాశారు.' తేదీలు బానే ఉన్నాయి. కానీ ఇవన్నీ చదివాక నాకు దిద్దుబాటు గురించి తెలిసిందేమిటి? ఆఖరి మాట ఒక్కటే, అదీ తగాదా ఉన్న మాట. తొలి కథ అని గట్టిగా రాసేశారు. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూ సుందరి'లో వచ్చింది. అదే తొలి కథ అనేవాళ్ళు ఉన్నారు, కథ అంటే ఏమిటన్న నిర్వచనం మీద ఆధారపడి దిద్దుబాటే అనేవాళ్ళూ ఉన్నారు. మీ వ్యాసం తొలి కథ ఏది అన్న చర్చ మీదైతే ఆ గొడవతోనే మొదలుపెట్టండి, చాలా మంచి మొదలు అవుతుంది. ఆ చర్చ మీకు అక్కర్లేకపోతే ఆ ముక్క ఎందుకు ఎత్తడం? ఎత్తి, సగంలో వదిలేస్తే, అచ్చమాంబని చదివిన ఎగ్జామినర్ అక్కడే ఆగిపోతాడు, మీరు తర్వాత ఎంత బాగా రాసినా ఆ అనుమానంతోనే చదువుతాడు.

[ఒక విద్యార్థి: మేడం, పుట్టిన తేదీ, బిరుదులు రాయకపోతే మార్కులు కట్ చేస్తారని మా సీనియర్లు చెప్పారు.]

మంచి ప్రశ్న, ఈ టెన్షన్ అందరికీ ఉంటుంది. 'గురజాడ జీవితం, రచనలు' అని అడిగితే తప్పకుండా రాయాలి, అక్కడ అదే విషయం. కథని విశ్లేషించమంటే మాత్రం తేదీలకు మార్కులు ఉండవు. అంత భయంగా ఉంటే రెండో పేరాలో ఒక వాక్యంలో పెట్టేయండి, ఎవరూ కాదనరు. మొదటి పేరాలో మాత్రం వద్దు, అక్కడ చోటు చాలా తక్కువ.

మూడో రకం, కథ చెప్పేయడం. నేను ఇందాక మీకు చెప్పినట్టే గోపాలరావు ఒంటిగంటకి వచ్చాడు, తలుపు కొట్టాడు అని మొదలుపెట్టి మంచం కింద నవ్వులదాకా. దీని గురించి ఎక్కువ చెప్పను. చదివేవాడికి కథ తెలుసు అనుకుని రాయండి, సరిపోతుంది.

మరి ఏం రాయాలి? ఇక్కడే కాస్త నిదానంగా వినండి. ముందు కథ మళ్ళీ చదవాలి, చదివేటప్పుడు 'ఇదేంటి ఇలా ఉంది?' అని మీకు నిజంగా అనిపించిన చోటు ఒకటి పట్టుకోవాలి. గొప్ప చోటే కానక్కర్లేదు. దిద్దుబాటులో నాకు ఎప్పుడూ వింతగా అనిపించేది ఏమిటంటే, కథంతా కమలిని చుట్టూ తిరుగుతుంది, కానీ కమలిని మనకి ఒక్కసారి కూడా కనిపించదు. మొదట తలుపు వెనక నిద్రపోతోందనుకుంటాం. తర్వాత ఉత్తరంలో ఆవిడ మాటలు చదువుతాం. తర్వాత పుట్టింటికి వెళ్ళిపోయిందనుకుంటాం. ఆఖర్లో నవ్వు వినిపిస్తుంది, గాజులు వినిపిస్తాయి. మొహం చూపించకుండానే గురజాడ కథ ముగించేశాడు. ఎందుకు? 'ఎందుకు' అన్నది పడింది చూశారా, ఇక మీ వ్యాసానికి బతుకు వచ్చినట్టే.

ఆ ఎందుకుకి జవాబు వెతుకుదాం. ఆవిడ మంచం కింద ఉంది అంటే గోపాలరావు ఏడుపంతా వింది. రాముడికి అప్పజెప్పిన ఆ మాటలన్నీ, ఇక వెళ్ళను, ఇల్లు కదలను అన్నవన్నీ, ఎక్కడో పుట్టింట్లో ఉన్న మనిషికి చేరాలని అతను పంపుతున్నాడు, అవి అక్కడే, అడుగు దూరంలో ఆవిడ చెవిన పడుతున్నాయి. ఆ సంగతి అతనికి తెలియదు. పది రోజుల పాటు ఎదురుగా కూర్చుని చెప్పిన మాటలు అబద్ధాలు. తను లేదనుకుని అన్న మాటలు ఏమవుతాయి? అవి నిజమని ఆవిడ అనుకోవచ్చు. అంటే కమలిని ఏం చేసిందంటే, ఉపదేశం ఏమీ చేయలేదు, తను లేనప్పుడు అతను ఏం మాట్లాడతాడో విని చూసింది. ఇప్పుడు మన దగ్గర ఒక వాదన ఉంది. కథంతా భార్య భర్తని మార్చిందని చెప్పుకుంటాం, గైడ్లలో కూడా అదే ఉంటుంది, కానీ గురజాడ కథలో భార్య చేసింది పరీక్ష, అందులో అతను నెగ్గాడో లేదో మనకి చెప్పకుండానే కథ ఆపేశాడు. ఇది ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోనివాళ్ళు ఉండే మాటే వ్యాసానికి పనికొస్తుంది. 'గురజాడ గొప్ప సంస్కర్త' అన్నదాన్ని ఎవరు కాదంటారు? ఎవరూ కాదననిదాన్ని నాలుగు పేజీలు నిరూపించడం దేనికి?

ఇంకో విషయం, నేపథ్యం. నేపథ్యం అసలు వద్దని నేను అనడం లేదు. మీ వాదనకి ఏ ముక్క కావాలో ఆ ముక్కే తేవాలి. ఇక్కడ నాకు కావాల్సింది ఒక్కటే, యాంటీనాచ్. 1890ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో సంఘసంస్కర్తలు సాని మేళాలకి వ్యతిరేకంగా ఉద్యమం నడిపారు, చదువుకున్న పెద్దమనుషులు భోగం ఆటలకి వెళ్ళకూడదని నియమం పెట్టుకున్నారు. గురజాడకి ఆ మనుషులు బాగా తెలుసు, కన్యాశుల్కంలో సౌజన్యారావు పంతులు యాంటీనాచే కదా, మధురవాణి అతని ముందుకి వచ్చే సీను గుర్తు తెచ్చుకోండి. ఇది చెప్పకపోతే ఇవాళ చదివేవాళ్ళకి గోపాలరావు ఏదో సరదాగా పాట వినడానికి వెళ్ళి ఆలస్యంగా వచ్చిన మొగుడిలాగే కనిపిస్తాడు. అతను ఏ సభల్లో ఏ మాట మాట్లాడే మనిషో తెలిస్తేనే ఆ అబద్ధం బరువు తెలుస్తుంది, అప్పుడే అతని మాట నమ్మాలా అన్న ప్రశ్నకి అర్థం ఉంటుంది. అందుకే ఈ ముక్క మొదటి పేరాలో ఉండాలి, రాయవరం అక్కర్లేదు.

ఇప్పుడు బోర్డు మీద రాస్తున్నాను, నోట్ చేసుకోండి.

'"దిద్దుబాటు" కథలో కమలిని ఒక్కసారి కూడా కనిపించదు. మొదట మూసిన తలుపు వెనక ఉందనుకుంటాం, తర్వాత పుట్టింటికి వెళ్ళిపోయిందనుకుంటాం, ఆఖరున మంచం కింద నుంచి నవ్వులూ గాజుల చప్పుడూ వినిపించినప్పుడే ఆమె ఆ గదిలోనే ఉందని తెలుస్తుంది. యాంటీనాచ్ అనిపించుకుంటూ, సభలకు వెళ్తున్నానని ఇంట్లో చెప్పి సాని పాటకు వెళ్ళిన గోపాలరావు మాటను ఎదురుగా విని నమ్మే స్థితి కమలినికి లేదు. అందుకే ఆమె అతనికి తెలియకుండా వింటుంది. భర్తను భార్య సంస్కరించిన కథగా దీన్ని చదవడం మామూలు. కానీ ఇందులో కమలిని చేసింది పరీక్ష అనీ, దాని ఫలితాన్ని గురజాడ పాఠకుడికే వదిలేశాడనీ ఈ వ్యాసం వాదిస్తుంది.'

ఆరు వాక్యాలు. పేరు మార్చి చూడండి. కందుకూరి పెట్టండి, కుదరదు. గురజాడదే ఇంకో కథ పెట్టినా కుదరదు. ఇంకోటి గమనించండి, ఇందులో అద్భుతం, అజరామరం, ఆణిముత్యం లాంటి మాట ఒక్కటీ లేదు. అయినా ఈ రాసినావిడకి కథ నచ్చిందా లేదా? నచ్చిందని తెలుస్తోంది కదా, అంత దగ్గరగా చూసిందంటేనే. కథని జాగ్రత్తగా చదవడమే రచయితకి మీరిచ్చే గౌరవం, విశేషణాలు ఎన్ని వేసినా అంత గౌరవం రాదు. ఈ మాట నేను చాలా గట్టిగా నమ్ముతాను.

[ఒక విద్యార్థిని: మేడం, కానీ నవ్వింది కదా ఆవిడ. నవ్వింది అంటే క్షమించినట్టే కదా, ఇంక ఫలితం చెప్పలేదని ఎలా అంటారు? పైగా 'అమృతం ఒలికే నవ్వులు' అనే కదా గురజాడ రాశారు.]

ఆహా, ఏం పేరమ్మా నీది? సరే, తర్వాత చెబుదువుగాని, ముందు అందరూ ఈ అమ్మాయి అన్నది వినండి. 'అమృతము వొలుకు కలకల నగవులు' అని కథలో ఉంది, నిజం. ఇదీ పాఠంలోంచి వచ్చిన అభ్యంతరం. నా అభిప్రాయం వేరు మేడం అనడం వేరు, ఫలానా చోట ఇలా ఉంది కదా అనడం వేరు. ఇప్పుడు మనం ఏం చేయాలి? వాదన వదిలేయాలా? ఒకసారి ఆలోచిద్దాం. అమృతం ఒలుకుతున్నట్టు ఎవరి చెవికి వినిపించింది? కథ మొత్తం మనం గోపాలరావు పక్కన నిలబడే చూస్తున్నాం, అతను చూసిందే చూస్తున్నాం, అతను కంగారు పడితే కంగారు పడుతున్నాం. భార్య వెళ్ళిపోయిందని హడలిపోయిన మనిషికి ఆ నవ్వు అమృతంలాగే వినిపిస్తుంది, అందులో ఆశ్చర్యం లేదు. మరి కమలిని ఏమనుకుని నవ్వింది? క్షమించి నవ్విందా, గెలిచానని నవ్విందా, మొగుడి అవస్థ చూసి ఆపుకోలేక నవ్విందా? అది కమలిని మనసులోంచి చెప్పాలి, కథలో ఆవిడ మనసులోకి మనకి దారి లేదు. కాబట్టి నీ అభ్యంతరం వాదనని పడగొట్టలేదు, పదును పెట్టింది. బోర్డు మీద ఆఖరి వాక్యం మారుస్తున్నాను చూడు:

'కానీ ఇందులో కమలిని చేసింది పరీక్ష. దాని ఫలితంగా మనకు దొరికేది ఒక నవ్వు మాత్రమే, అది గోపాలరావు చెవికి అమృతంలా వినిపిస్తుంది, కమలిని ఎందుకు నవ్విందో మాత్రం గురజాడ చెప్పడు అని ఈ వ్యాసం వాదిస్తుంది.'

ముందటి దానికంటే ఇది మంచి వాక్యం. ఎందుకంటే ఎదుటివాళ్ళు వేయగల ప్రశ్న ఇందులోనే ఉంది. నువ్వు దీనికి పూర్తిగా అడ్డంగా కూడా రాయొచ్చమ్మా, ఆ నవ్వే తీర్పు, కథ అక్కడ తేలిపోయింది అని. అప్పుడు నీ మొదటి పేరా నవ్వుతో మొదలవ్వాలి. రాసి చూపించు, నేను చదువుతాను.

ఇలా మధ్యలో మారింది కాబట్టి ఇంకో సంగతి చెప్పేస్తాను. మొదటి పేరా మొదటే రాయాలని ఎక్కడా లేదు. ఇంట్లో రాసే వ్యాసమైతే ఒక కచ్చా పేరా పెట్టుకుని లోపలి భాగం అంతా రాసేయండి. రాస్తుంటే ఆలోచన మారుతుంది, తప్పకుండా మారుతుంది, నాలుగో పేజీకి వచ్చేసరికి మీరు మొదట అనుకున్నది ఒకటి, తేలింది ఇంకొకటి అవుతుంది. అప్పుడు వెనక్కి వెళ్ళి మొదటి పేరా తిరగరాయాలి. చాలామంది ఈ పని చేయరు, అందుకే ఇంట్రోలో ఒక మాట, ముగింపులో ఇంకో మాట ఉంటాయి. పరీక్ష హాల్లో ఇంత టైం ఉండదు. సివిల్స్ పేపరైతే మూడు గంటల్లో 250 మార్కులకి రాయాలి, తిరగరాయడానికి ఊపిరి కూడా ఆడదు. అక్కడ ప్రశ్న చదవగానే రఫ్‌గా ఒక్క వాక్యం రాసుకోండి, ఈ జవాబులో నేను చెప్పబోయేది ఇదీ అని. ఆ వాక్యం కుదిరాకే జవాబు మొదలుపెట్టండి. దానికి రెండు నిమిషాలు పోతే పోనివ్వండి. జవాబు చిన్నదైతే ఉపోద్ఘాతం రెండు మూడు వాక్యాలు చాలు, పది మార్కుల ప్రశ్నకి అర పేజీ ఇంట్రో రాసి ఇక చోటు లేదంటే ఎవరేం చేస్తారు.

ప్రశ్నని కూడా సరిగ్గా చదవండి. 'దిద్దుబాటులో స్త్రీ విద్య గురించి చర్చించండి' అని అడిగారనుకోండి, ఇందాక మనం రాసిన పేరా తీసుకెళ్ళి అక్కడ పెట్టేయకండి. ఆ ప్రశ్నకి పట్టుకోవాల్సిన చోటు వేరు. కమలిని చదువుకున్నది కాబట్టే ఉత్తరం రాయగలిగింది, చదువు లేకపోతే ఈ కథే లేదు. ఆడవాళ్ళు చదువుకుంటే ఏమవుతుంది అని రాముడు అంటాడు, గోపాలరావు అంత దిగులులోనూ స్త్రీవిద్యని పొగుడుతూ ఉపన్యాసం ఇస్తాడు. ఆ చదువు తన మీదికే తిరిగిన రోజున కూడా చదువు మంచిదేనని వాదిస్తున్న మొగుడు, అక్కడ పట్టుకోండి. అదే కథ, ప్రశ్న మారితే మొదలు మారిపోతుంది.

[ఒక విద్యార్థి: పద్యం మీదైతే ఎలా మేడం? కథలో అయితే సంఘటన ఉంటుంది, పద్యకావ్యంలో ఏం పట్టుకోవాలి?]

అదే పద్ధతి. గబ్బిలం తీసుకో. జాషువా 1941లో రాశాడు. మామూలుగా ఏమని మొదలుపెడతారు? 'నవయుగ కవి చక్రవర్తి జాషువా అంటరానితనం మీద కత్తి దూశారు' అని. అది వద్దు. ఒక్క ప్రశ్న వేసుకో, గబ్బిలమే ఎందుకు? కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు, ప్రియురాలి దగ్గరికి. మన కావ్యాల్లో హంసలు, చిలకలు రాయబారాలు నడిపాయి. ఇక్కడ అంటరానివాడని గుడి మెట్లెక్కనివ్వని మనిషి శివుడికి తన బాధ చెప్పుకోవాలి. హంస ఎందుకు పనికిరాదు? గబ్బిలం గుడిలో ఉంటుంది, గర్భగుడి దాకా వెళ్తుంది, దాన్ని ఎవరూ ఆపరు. పూజారి లేని సమయం చూసి చెవిలో చెప్పమని పంపుతాడు. అపశకునమని అందరూ చీదరించుకునే పక్షికి ఉన్న ప్రవేశం ఈ మనిషికి లేదు. ఈ ఒక్క సంగతితో మొదలుపెట్టు, అంటరానితనం గురించి, సందేశకావ్య సంప్రదాయం గురించి, జాషువా దాన్ని ఎలా వాడుకున్నాడన్న దాని గురించి చెప్పాల్సినవన్నీ దాని వెనకే వస్తాయి. మొదట్లోనే కోపంగా రాయక్కర్లేదు. ఆ పక్షికి దారి ఉంది, ఈ మనిషికి లేదు అని చెప్తే చాలు, చదివేవాళ్ళకి కోపం వస్తుంది.

పద్యమే కోట్ చేసి మొదలుపెట్టొచ్చా అని కొందరు అడుగుతుంటారు. పెట్టొచ్చు, ఆ పద్యం గురించి వెంటనే మాట్లాడేట్టయితే. పద్యం వేసేసి, కింద 'సాహిత్యం సమాజానికి దర్పణం' అని మొదలుపెడితే ఆ పద్యం అక్కడ అనాథలా మిగిలిపోతుంది. విమర్శకుల మాటలతో మొదలుపెట్టడం మాత్రం నాకు ఇష్టం ఉండదు. మొదటి వాక్యమే ఇంకొకరిదైతే మీరెక్కడ? వాళ్ళతో మీకు పేచీ ఉంటే అప్పుడు తప్పకుండా తీసుకురండి, ఫలానావారు ఇలా అన్నారు, కథలో ఈ చోటు దానికి ఒప్పుకోవడం లేదు అని రాయండి, చాలా బావుంటుంది.

పరిశోధన పత్రాలు రాసేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ముగ్గురున్నారు. మీకు లక్ష్యం, పరిధి, పద్ధతి అని విడిగా రాయమంటారు, అది ఆ పత్రిక పెట్టిన నియమం, పాటించండి. కానీ 'ఈ పత్రంలో దిద్దుబాటు కథను వివరించడానికి ప్రయత్నించడం జరిగింది' అన్న వాక్యం మాత్రం రాయకండి. ఎవరు ప్రయత్నించారు? ఏం తేలింది? తేలింది చెప్పండి. నేను ఇది అంటున్నాను అని చెప్పడానికి మన పిల్లలు చాలా భయపడతారు, అణకువ అనుకుంటారు దాన్ని. పాఠంలో ఆధారం చూపించగలిగితే మీ మాట మీరు చెప్పొచ్చు, ఇరవై ఏళ్ళవాళ్ళయినా సరే, ఎదురుగా ఎంత పెద్ద విమర్శకుడున్నా సరే. ఇందాక ఈ అమ్మాయి నాకు చెప్పలేదూ?

టైం అయిపోవచ్చింది. వచ్చే శనివారం మళ్ళీ కలుస్తాం కదా, అప్పటికి ఒక పని చేసుకుని రండి. మీకు ఇష్టమైన కథో పద్యభాగమో తీసుకుని ఒక్క మొదటి పేరా రాయండి, ఎనిమిది వాక్యాలు దాటొద్దు. వ్యాసం అక్కర్లేదు. రచయిత పేరు, రచన పేరు రాసిన చోట ఖాళీ వదిలేయండి. కాగితాలు మార్చుకుని చదువుదాం, ఖాళీలో ఏ పేరుందో పక్కవాళ్ళు చెప్పగలగాలి. చెప్పలేకపోతే అక్కడే కూర్చుని తిరగరాద్దాం, నేనూ ఒకటి రాసుకొస్తాను. దిద్దుబాటు మాత్రం ఎవరూ తీసుకోకండి, నవ్వు మీద రాస్తానన్న ఈ అమ్మాయి తప్ప.